రాస్తఫారీ

రాస్తఫారీ అనునది కరేబియన్ సముద్రములోని జమైకా ద్వీపములో 1930వ దశకములో ఆవిర్భవించిన మత, సామాజిక ఉద్యమము. ఇథియోపియా చక్రవర్తి మొదటి హైలె సెలాసీని దైవముగా లేక దైవము పంపిన వానిగా నమ్ముట, ఆఫ్రికా ఖండమును మాతృభూమిగా భావించుట, ప్రకృతికి దగ్గరగా జీవించుట ఈ మతములోని ముఖ్యాంశములు. దీనిని అనుసరించువారిని రాస్తఫారీలు లేక రాస్తాలు అంటారు. ఆంగ్ల గ్రంథములలో ఈ మతమునకు ‘ఇజం’ చేర్చి వ్రాయుట కనిపిస్తుంది కాని, రాస్తాలకు అది సమ్మతము కాదు. మనుషులను విడదీసే సిద్ధాంతములన్నిటికీ ఆ తోక ఉన్నదనీ, తమది సిద్ధాంతము కాదు, జీవన విధానమనీ వారు చెబుతారు.

2011 జనాభా లెక్కల ప్రకారము జమైకాలో సుమారు 29 వేల మంది తాము రాస్తాలమని నమోదు చేయించుకున్నారు. అనగా ఆ దేశ జనాభాలో నూటికి ఒకరు మాత్రమే. ఇంత చిన్న సమూహము పేరు ప్రపంచమంతా వినబడుటకు కారణము రెగే సంగీతము. అయితే ఆ ప్రసిద్ధి వలన కొంత అపోహ కూడా వ్యాపించినది. జడలు కట్టిన జుట్టు, గంజాయి పొగ, బాబ్ మార్లే బొమ్మ ఉన్న చొక్కా, ఇంతకు మించి రాస్తఫారీలో ఏమీ లేదని చాలామంది అనుకుంటారు. ఆ జడల వెనుక, ఆ పొగ వెనుక బానిసత్వపు చరిత్ర ఒకటి ఉన్నది. దానిని తెలుసుకొనక రాస్తాల ఆచారములను అర్థము చేసుకొనుట సాధ్యము కాదు.

పేరు వెనుక కథ

హైలె సెలాసీ చక్రవర్తి కాక పూర్వము ఆయన పేరు తఫారి మకోనెన్. ‘రాస్’ అనునది ఇథియోపియాలో రాజవంశీకులకు, సామంతులకు ఇచ్చే బిరుదము. అమ్హారిక్ భాషలో ఆ మాటకు ‘తల’ అని అర్థము.  రాస్ తఫారి అను ఈ రెండు మాటలు కలిసి మతము పేరు అయినది. పట్టాభిషేక సమయమున ఆయన స్వీకరించిన ‘హైలె సెలాసీ’ అను పేరునకు ‘త్రిత్వము యొక్క శక్తి’ అని అర్థము. ఒక మతమునకు మూలపురుషుడైన వ్యక్తికి ఆ మతముతో సంబంధము లేకపోవుట, పైగా ఆయన జీవితాంతము వేరొక మతములో (ఇథియోపియా సనాతన క్రైస్తవ సంఘములో) ఉండుట ప్రపంచ మతముల చరిత్రలో అరుదైన విషయము.

నేపథ్యము

జమైకా 1655లో స్పెయిను చేతి నుండి ఇంగ్లీషువారి చేతికి వచ్చినది. చెరకు తోటలలో పనికై పశ్చిమ ఆఫ్రికా నుండి లక్షలాది మందిని బానిసలుగా ఓడలలో తెచ్చారు. బ్రిటిషు సామ్రాజ్యములో 1834లో బానిసత్వ నిర్మూలన చట్టము అమలులోకి వచ్చినా, ‘అప్రెంటిసు’ పేరిట మరి నాలుగేళ్ళు పాత యజమానుల వద్దనే చాకిరి చేయవలసి వచ్చినది. 1838 ఆగస్టు 1న వారికి పూర్తి స్వేచ్ఛ లభించినది. స్వేచ్ఛ వచ్చినది గాని భూమి రాలేదు. చర్చిలో కనిపించే దేవుడు, బడిలో కనిపించే రాజు, కచేరీలో కనిపించే దొర అందరూ తెల్లవారే. ఆఫ్రికా అనగా చీకటి, అనాగరికత అని పిల్లలకు బోధించారు. తన రంగు, తన జుట్టు, తన పూర్వీకుల దేశము సిగ్గుపడవలసినవి అని మూడు వందల ఏండ్లు నేర్చుకున్న జనము ఆ పాఠమును తిరగవ్రాయుటకు చేసిన ప్రయత్నమే రాస్తఫారీ.

బానిసత్వము రద్దయిన తరువాత తోటలలో కూలీల కొరత ఏర్పడినందున 1845 నుండి 1917 వరకు సుమారు 36 వేల మంది భారతీయులను ఒప్పంద కూలీలుగా జమైకాకు తీసుకుని వెళ్ళారు. ఈ సంగతి ఇక్కడ చెప్పుటకు కారణము ముందు తెలియగలదు.

మార్కస్ గార్వీ

మార్కస్ గార్వీ 1887 ఆగస్టు 17న జమైకాలోని సెయింట్ యాన్స్ బే పట్టణములో జన్మించాడు. 1914లో నల్లజాతి అభ్యున్నతికై ఒక సంఘమును స్థాపించి, తరువాత దాని కేంద్రమును న్యూయార్కునకు మార్చాడు. 1919లో నల్లవారి పెట్టుబడితో ‘బ్లాక్ స్టార్ లైన్’ అను ఓడల కంపెనీని ప్రారంభించాడు. ఆ కంపెనీ దివాలా తీయగా, తపాలా ద్వారా మోసము చేశాడన్న నేరముపై అమెరికాలో జైలుకు వెళ్ళి, 1927లో జమైకాకు పంపివేయబడ్డాడు. నల్లవారు దేవుని తమ కళ్ళతో చూడవలెననీ, ఆఫ్రికా వారందరి స్వదేశమనీ ఆయన బోధించాడు.

ఆఫ్రికాలో ఒక నల్లరాజు పట్టాభిషిక్తుడు కాగలడనీ, అప్పుడు విముక్తి దినము సమీపించినట్లనీ గార్వీ జోస్యము చెప్పినట్లు రాస్తాలు నమ్ముతారు. ఆయన రచనలలో ఆ మాటలు ఆ రూపములో దొరకలేదని చరిత్రకారులు అంటారు. అంతేకాదు, 1935లో ఇటలీ ఇథియోపియాపై దండెత్తినప్పుడు హైలె సెలాసీ దేశము విడిచి వెళ్ళుటను గార్వీ తన పత్రికలో తీవ్రముగా విమర్శించాడు. అయినను రాస్తాలు ఆయనను ప్రవక్తగా, బాప్తిస్మమిచ్చు యోహాను వంటి వానిగా గౌరవిస్తారు. గార్వీ 1940లో లండనులో మరణించాడు. జమైకా ప్రభుత్వము తరువాతి కాలములో ఆయనను తమ మొదటి జాతీయ వీరునిగా ప్రకటించినది.

పట్టాభిషేకము

1930 నవంబరు 2న అడిస్ అబాబా నగరములో రాస్ తఫారికి చక్రవర్తిగా పట్టాభిషేకము జరిగినది. సొలొమోను రాజుకు, షేబ దేశపు రాణికి జన్మించిన మెనెలిక్ వంశమునకు చెందినవారమని ఇథియోపియా రాజులు చెప్పుకునేవారు. రాజులకు రాజు, యూదా గోత్రపు సింహము అనునవి ఆ చక్రవర్తి బిరుదములు. ఇవే మాటలు బైబిలులోని ప్రకటన గ్రంథములో కనిపిస్తాయి. ఈ ఉత్సవమునకు బ్రిటిషు రాజు ఐదవ జార్జి తన కుమారుడు గ్లౌస్టరు డ్యూకును పంపాడు. జమైకాలోని పేదవాడు పత్రికలో ఆ ఛాయాచిత్రము చూచినప్పుడు ఏమనుకుని ఉంటాడో ఊహించవచ్చును: తమను పాలించే తెల్లరాజు కొడుకు ఒక నల్లరాజు కొలువునకు అతిథిగా వెళ్ళాడు! బైబిలును కంఠస్థముగా ఎరిగిన జనమునకు ఇక వేరొక నిదర్శనము అవసరము లేకపోయినది. తెలుగు బైబిలులో ‘కూషు’ అని ఉన్న దేశమును ఆంగ్ల బైబిలులో అనేక చోట్ల ‘ఇథియోపియా’ అన్నారు. 68వ కీర్తనలో ఆ దేశము పేరుతో వచ్చే వాక్యము వీరికి అతి ముఖ్యమైనది.

లియోనార్డ్ హోవెల్, పినకిల్

లియోనార్డ్ హోవెల్, జోసెఫ్ హిబ్బర్ట్, ఆర్చిబాల్డ్ డంక్లీ, రాబర్ట్ హిండ్స్ అను నలుగురు దాదాపు ఒకే సమయములో, హైలె సెలాసీయే మరల వచ్చిన క్రీస్తు అని బోధించుట ప్రారంభించారు. వీరిలో హోవెల్ ప్రముఖుడు. ఆయన 1933లో చక్రవర్తి ఛాయాచిత్రములను ఒక్కొక్కటి ఒక షిల్లింగు చొప్పున విక్రయిస్తూ, జమైకా నల్లవారి విధేయత బ్రిటిషు రాజుకు కాదు, ఇథియోపియా రాజుకు చెందవలెనని ప్రసంగించాడు. 1934లో మొరాంట్ బే న్యాయస్థానము ఆయనకు రాజద్రోహ నేరముపై రెండేండ్లు జైలు శిక్ష విధించినది.

హోవెల్ తన పుస్తకమును ‘జి.జి. మరాగ్’ అను కలము పేరుతో ప్రకటించాడు. అందులోని ‘మరాగ్’ మన ‘మహారాజ్’ శబ్దమునకు జమైకా ఉచ్చారణ అని పరిశోధకులు చెబుతారు. పైన చెప్పిన ఒప్పంద కూలీల సంతతివారితో తొలి రాస్తాలకు దగ్గర పరిచయము ఉండేది. గంజాయిని జమైకాలో నేటికీ ‘గాంజా’ అనే పిలుస్తారు. ఆ మొక్క వాడకము, ఆ మాట రెండును భారతీయ కూలీల ద్వారానే ఆ దీవిలో వ్యాపించాయి. మన ‘గంజాయి’కి, వారి ‘గాంజా’కు మూలము ఒక్కటే. జడల ఆచారము కూడా మన సాధువుల నుండి వచ్చినదని కొందరు పండితుల వాదన. అయితే దీనిని అందరు అంగీకరించరు.

1940లో హోవెల్ సెయింట్ కేథరిన్ మండలములో ఒక పాత తోటను సంపాదించి ‘పినకిల్’ అను కొండ గ్రామమును స్థాపించాడు. వందలాది కుటుంబములు అక్కడ ఉమ్మడిగా వ్యవసాయము చేసుకుంటూ జీవించాయి. పోలీసులు 1941లో ఒకసారి, ఆపైన మరికొన్ని మారులు దాడి చేసి, చివరకు 1954లో గ్రామమును ధ్వంసము చేశారు. చెదరిపోయిన వారు కింగ్‌స్టన్ నగరపు మురికివాడలకు చేరారు. అణచివేయుటకు చేసిన ఈ పనియే ఉద్యమము నగరములో వేళ్ళూనుటకు తోడ్పడినది.

విశ్వాసములు

రాస్తఫారీకి పోపు వంటి అధిపతి గాని, అందరికీ ప్రమాణమైన మత గ్రంథము గాని లేదు. కనుక ఈ క్రింద చెప్పినవి సామాన్యముగా కనిపించే విశ్వాసములే గాని ప్రతి రాస్తాకు వర్తించే నియమములు కావు.

వీరు దేవుని ‘జా’ అని పిలుస్తారు. ఇది యెహోవా నామమునకు సంక్షిప్త రూపము. పాత ఆంగ్ల బైబిలులో 68వ కీర్తనలో ఈ రూపము కలదు. దేవుడు ఆకాశములో ఎక్కడో లేడనీ, ప్రతి మనిషి లోపలను ఉన్నాడనీ వీరి నమ్మకము. చనిపోయిన తరువాత లభించే స్వర్గముపై వీరికి ఆసక్తి లేదు. బానిసలకు పరలోకమును ఆశ చూపి ఇహలోకములో చాకిరి చేయించుకున్నారన్నది వీరి ఆరోపణ. వీరి స్వర్గము భూమిమీదనే ఉన్నది. దాని పేరు ‘సీయోను’, అనగా ఆఫ్రికా, విశేషించి ఇథియోపియా. దీనికి ప్రతిపక్షము ‘బబులోను’. యూదులను చెరపట్టిన పురాతన నగరము పేరును వీరు తమను చెరపట్టిన వ్యవస్థకు పెట్టారు. వలస పాలన, పోలీసు, ధనము చుట్టూ తిరిగే నాగరికత అన్నియు బబులోనే. తాము ఇశ్రాయేలీయుల వలె చెరలో ఉన్నామనీ, ఏనాటికైనా స్వదేశమునకు మరలిపోగలమనీ నమ్ముతారు.

హైలె సెలాసీ ఎవరు అన్న ప్రశ్నకు రాస్తాలలోనే భిన్నమైన సమాధానములు ఉన్నవి. కొందరు ఆయన సాక్షాత్తు జా అంటారు. కొందరు క్రీస్తు తన రాజ స్వరూపములో మరల వచ్చాడంటారు. మరికొందరు ఆయన దైవాంశ గల మహాపురుషుడు మాత్రమే అంటారు. ఆరంభ దశలో కొందరు బోధకులు నల్లజాతి ఆధిక్యమును ప్రకటించిన మాట నిజమే. 1970 తరువాత ఆ ధోరణి బాగా తగ్గి, తెల్లవారు కూడా కొన్ని శాఖలలో చేరారు.

మాటల మార్పు

రాస్తాల భాష ప్రత్యేకముగా చెప్పుకొనదగినది. తమ పూర్వీకుల భాషలను యజమానులు పోగొట్టారు. మిగిలినది యజమాని భాష ఒక్కటే. దానిని వదలుకొనుటకు వీలు లేదు గనుక మరమ్మతు చేసుకున్నారు. మాట యొక్క ధ్వనికి శక్తి ఉన్నదనీ, చెడు ధ్వని గల మాట మంచి అర్థమును మోయలేదనీ వీరి నమ్మకము. ఆంగ్లములో గ్రహించుటను ‘అండర్‌స్టాండ్’ అంటారు. అందులో క్రింద అను అర్థము వచ్చే ‘అండర్’ ఉన్నది. తెలుసుకున్నవాడు పైన ఉండవలెను గాని క్రింద ఏల? అందుచేత వీరు ‘ఓవర్‌స్టాండ్’ అంటారు. అణచివేతను తెలిపే ‘ఒప్రెషన్’ వారి ఉచ్చారణలో ‘అప్’ (పైకి) అన్నట్లు వినబడుతుంది. అణచివేత మనిషిని క్రిందికే త్రొక్కుతుంది గనుక దానిని ‘డౌన్‌ప్రెషన్’గా మార్చారు. అంకితము అను అర్థము గల ‘డెడికేట్’లో మరణము ధ్వనిస్తున్నదని ‘లివికేట్’ అంటారు.

అన్నిటికంటె ముఖ్యమైనది ‘ఐ అండ్ ఐ’ అను ప్రయోగము. ‘నేను’, ‘నీవు’, ‘మేము’ అను భేదము లేకుండ అన్నిటికీ దీనినే వాడుతారు. చక్రవర్తి పేరు చివర ‘మొదటి’ అను అర్థములో వచ్చే రోమను అంకెను కూడా వీరు ‘ఐ’ అనే చదువుతారు. నాలోని జా, నీలోని జా ఒక్కటే అని దీని భావము. ఆంగ్లములో ఎదుటివానిని కలుపుకొనే ‘మనము’, కలుపుకొనని ‘మేము’ అను తేడా లేదు. తెలుగువారికి పుట్టుకతో వచ్చిన ‘మనము’ అను మాటకు ‘ఐ అండ్ ఐ’ చాలా దగ్గరగా ఉన్నదని చెప్పవచ్చును.

జీవన విధానము

రాస్తా జీవన విధానమును ‘లివిటీ’ అంటారు. ఇందులో అందరికీ కనిపించేది జడలు. బైబిలులోని సంఖ్యాకాండము 6వ అధ్యాయములో నాజీరు వ్రతము చేపట్టిన వాడు తలపై మంగలకత్తి వేయరాదని ఉన్నది. రాస్తాలు దీనిని ప్రమాణముగా తీసుకుంటారు. దువ్వెన పెట్టక, కత్తిరించక వదిలిన జుట్టు తనంతట తానే జడలు కడుతుంది. తొలి తరమువారిలో చాలామందికి జడలు లేవు. 1940ల చివరలో కింగ్‌స్టన్‌లో యువకులు ఏర్పరచిన ఒక బృందముతో ఈ ఆచారము బలపడినదని చెబుతారు. కెన్యాలో బ్రిటిషువారిపై తిరుగుబాటు చేసిన మౌ మౌ యోధుల ఛాయాచిత్రములు కూడా స్ఫూర్తినిచ్చాయని మరియొక అభిప్రాయము కలదు. భీతి, భక్తి రెండును ధ్వనించే ‘డ్రెడ్’ అను మాట వీటికి పేరైనది. నల్లవారి జుట్టు వికారమని, దానిని వేడి దువ్వెనతో సాపు చేసుకొనవలెనని భావించే సమాజములో ఆ జుట్టునే కిరీటముగా ధరించుట చిన్న ధిక్కారము కాదు. జడలు లేని రాస్తాలు కూడా ఉన్నారు. అట్లే జడలు ఉన్నవారందరు రాస్తాలు కారు.

వీరి ఆహారమును ‘ఐటల్’ అంటారు. జీవశక్తిని తెలిపే ‘వైటల్’ నుండి మొదటి అక్షరము తీసివేసి ‘ఐ’ మిగిల్చారు. పంది మాంసము, గుల్ల చేపలు నిషిద్ధము. చాలామంది ఏ మాంసమును ముట్టరు. కొందరు చిన్న చేపలు తింటారు. ఉప్పు వేయుట మానివేస్తారు, లేక తగ్గిస్తారు. డబ్బాలలో నిలవచేసిన పదార్థములు, మద్యము పనికిరావు. కొబ్బరి పాలలో ఉడికించిన పెండలము, సీమపనస, చిక్కుళ్ళు, కల్లాలూ వీరి సామాన్య భోజనము. కల్లాలూ అనునది మరేమో కాదు, మన తోటకూర జాతి ఆకుకూరయే.

గంజాయి విషయములో కొంత వివరణ అవసరము. వీరు దీనిని పవిత్ర మూలికగా భావిస్తారు. అది సొలొమోను సమాధిపై మొలచినదని ఒక ఐతిహ్యము. ‘రీజనింగ్’ అనబడే గోష్ఠిలో అందరు వలయముగా కూర్చుని, ప్రార్థన చేసి, చిలుము ఒకరి నుండి ఒకరికి అందించుకుంటూ బైబిలు, చరిత్ర, లోక వ్యవహారములు చర్చిస్తారు. గోష్ఠిలో ఎవరూ పెద్ద కాదు, ఎవరి మాటనూ అడ్డుకొనరు. వీరి దృష్టిలో అది మత్తు కొరకు కాదు, ధ్యానము కొరకు. అసలు గంజాయి త్రాగని రాస్తాలు కూడా కలరు. జమైకాలో 1913 నుండి గంజాయిపై నిషేధ చట్టము ఉన్నందున, ఒక రాస్తాను పట్టుకొని జైలులో వేయుటకు పోలీసులకు ఎప్పుడూ సాకు సిద్ధముగా ఉండేది. 2015లో చట్టమును సవరించి, రెండు ఔన్సుల వరకు దగ్గర ఉంచుకొనుటను జైలు శిక్షకు తగిన నేరముల నుండి తొలగించారు. రాస్తాలకు మతాచారము నిమిత్తము వాడుకొనుటకు అనుమతి ఇచ్చారు. మూలిక పవిత్రమన్నది వారి విశ్వాసము. వైద్యుల అభిప్రాయము అది కాదనీ, మన దేశములో 1985 నాటి చట్టము ప్రకారము గంజాయి కలిగియుండుట నేరమనీ విద్యార్థులు గుర్తుంచుకొనవలెను.

పెద్ద పండుగలలో రాత్రంతా మేల్కొని మూడు రకముల డప్పులతో కీర్తనలు పాడుతారు. దీనిని ‘న్యాబింగి’ అంటారు. నవంబరు 2 (పట్టాభిషేక దినము), జూలై 23 (చక్రవర్తి జన్మదినము), ఏప్రిల్ 21, ఆగస్టు 1, ఆగస్టు 17 (గార్వీ జన్మదినము) ముఖ్య దినములు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ వీరి రంగులు. ఇవి ఇథియోపియా జెండా నుండి వచ్చాయి. గార్వీ జెండాలోని నలుపును కూడా కొందరు చేర్చుతారు.

స్త్రీల స్థితి చాలాకాలము తక్కువగానే ఉండినది. స్త్రీలు తల కప్పుకొనవలెను, గోష్ఠులలో ముందుకు రాకూడదు, కొన్ని శాఖలలో బహిష్టు సమయమున వేరుగా ఉండవలెను. మనుషులందరిలో జా ఉన్నాడని చెప్పేవారు ఇంటిలోని స్త్రీని వెనుకకు నెట్టుట ఏమి న్యాయమని 1980ల నుండి రాస్తా స్త్రీలే ప్రశ్నించుట ప్రారంభించారు. కొంత మార్పు వచ్చినది గాని, శాఖను బట్టి తేడాలు ఉన్నవి.

మరణము గురించి మాట్లాడుటకు వీరు ఇష్టపడరు. నిజమైన రాస్తాకు మరణము లేదనుట పాత విశ్వాసము. అంత్యక్రియలకు వెళ్ళనివారు అనేకులు.

ప్రభుత్వముతో ఘర్షణ

జమైకా 1962 ఆగస్టు 6న స్వతంత్రమైనది. పాలకులు మారినా రాస్తాల ఎడల వైఖరి మారలేదు. అంతకు రెండేండ్ల ముందు, 1960లో, వెస్టిండీస్ విశ్వవిద్యాలయమునకు చెందిన ముగ్గురు ఆచార్యులు (ఎం.జి. స్మిత్, రాయ్ ఆజియర్, రెక్స్ నెటిల్‌ఫోర్డ్) రాస్తాల కోరికపై వారి మధ్య తిరిగి ఒక నివేదిక వ్రాశారు. రాస్తాలు నేరస్థులు కారనీ, పేదరికము వారి ప్రధాన సమస్య అనీ తెలిపిన ఆ నివేదిక చదువుకున్నవారిని ఆలోచింపజేసినది. దాని ఫలితముగా 1961లో ఒక ప్రతినిధి వర్గమును ఆఫ్రికా దేశములకు పంపారు.

కాని 1963 ఏప్రిల్ 11న మాంటెగో బే పట్టణము సమీపమున కోరల్ గార్డెన్స్ వద్ద ఘోరము జరిగినది. భూమి తగాదాతో మొదలైన కక్ష పెరిగి, కొందరు రాస్తాలు ఒక పెట్రోలు బంకుకు నిప్పు పెట్టారు. ఘర్షణలో పోలీసులతో సహా 8 మంది మరణించారు. దీనికి ప్రతిగా ప్రధాని అలెగ్జాండర్ బుస్టమాంటే ప్రభుత్వము, ఆ ఘటనతో సంబంధము ఉన్నదా లేదా అని చూడక, పశ్చిమ జమైకాలో రాస్తాలను వందల సంఖ్యలో పట్టించినది. వారిని కొట్టారు, జడలు కోసివేశారు, జైళ్ళలో ఉంచారు. ఆనాటి బాధితులు ప్రతి సంవత్సరము గుడ్ ఫ్రైడే నాడు సమావేశమై ఆ దినమును స్మరించుకుంటూ వచ్చారు. 54 సంవత్సరముల తరువాత, 2017 ఏప్రిల్‌లో, ప్రధాని ఆండ్రూ హోల్‌నెస్ పార్లమెంటులో ప్రభుత్వము తరఫున క్షమాపణ చెప్పాడు. అప్పటికి బాధితులలో చాలామంది జీవించి లేరు.

చక్రవర్తి రాక

1966 ఏప్రిల్ 21న హైలె సెలాసీ జమైకాకు వచ్చాడు. కింగ్‌స్టన్ విమానాశ్రయమునకు లక్ష మంది వచ్చి ఉంటారని అంచనా. ఉదయము నుండి వాన. విమానము దిగగానే జనము కంచెలను, పోలీసులను, ఎర్ర తివాచీని దాటుకుని విమానము చుట్టూ చేరిపోయారు. చక్రవర్తి చాలాసేపు బయటకు రాలేకపోయాడు. అప్పుడు అధికారులు మార్టిమర్ ప్లానో అను రాస్తా పెద్దను సహాయము కోరారు. అంతవరకు సమాజము అంటరానివారిగా చూచిన రాస్తాలలో ఒకడు విమానపు మెట్లు ఎక్కి, జనమును శాంతింపజేసి, చక్రవర్తిని క్రిందికి దింపాడు. ఆ పర్యటనలో రాస్తాలను గవర్నరు జనరలు విందుకు కూడా ఆహ్వానించారు. అయినను మూడు నెలలు తిరగకముందే, జూలైలో, రాస్తాలు అధికముగా నివసించే బ్యాక్-ఓ-వాల్ అను వాడను బుల్‌డోజర్లతో నేలమట్టము చేశారు.

ముందుగా జమైకాను విముక్తి చేయండి, తరువాత ఆఫ్రికాకు రండి అని చక్రవర్తి రాస్తా పెద్దలకు చెప్పినట్లు ప్రచారములోకి వచ్చినది. అప్పటి నుండి చాలామంది తమ ఆశను ఓడ ఎక్కుట నుండి ఉన్నచోట మార్పు తెచ్చుట వైపు మరల్చుకున్నారు. తాను దేవుడను కాననీ, సామాన్య మానవుడననీ సెలాసీ ఒక ముఖాముఖిలో చెప్పాడు. 1970లో ఇథియోపియా సనాతన సంఘము జమైకాలో శాఖను తెరచి, రాస్తాలకు బాప్తిస్మములు ఇచ్చుట ప్రారంభించినది. తాను దేవుడను కానని చెప్పుకొనుట దైవ లక్షణమైన వినయమే అని కొందరు రాస్తాలు సమాధానపడ్డారు.

చక్రవర్తి మరణము

1974 సెప్టెంబరు 12న సైనికులు హైలె సెలాసీని పదవి నుండి తొలగించారు. కరవు కాలములో ప్రజలు ఆకలితో చనిపోతున్నా రాజసభ పట్టించుకొనలేదన్నది ఆయనపై వచ్చిన ప్రధాన ఆరోపణ. 1975 ఆగస్టులో ఆయన మరణించినట్లు ప్రకటించారు. దేవుడు మరణించుట ఎట్లు? రాస్తఫారీ ఇక ముగిసినదని బయటివారు భావించారు. అట్లు జరుగలేదు. అది బబులోను పత్రికల అబద్ధమని కొందరు అన్నారు. శరీరము పోయినా జా పోడని కొందరు అన్నారు. బాబ్ మార్లే అదే సంవత్సరము ‘జా లివ్’ అను పాటను విడుదల చేశాడు. జా జీవించే ఉన్నాడని దాని భావము. చక్రవర్తి అస్థికలు 1992లో రాజభవన ప్రాంగణములో బయటపడ్డాయి. 2000 నవంబరు 5న అడిస్ అబాబాలోని హోలీ ట్రినిటీ కెథెడ్రల్‌లో వాటిని సమాధి చేశారు. ఆ కార్యక్రమమునకు వెళ్ళిన రాస్తాలు కొద్దిమందే. మార్లే భార్య రీటా వారిలో ఒకరు.

శాఖలు

శాఖలను ‘మాన్షన్లు’ అంటారు. న్యాబింగి శాఖ పాతది, నియమములు ఎక్కువ. 1958లో ప్రిన్స్ ఇమాన్యుయెల్ ఎడ్వర్డ్స్ స్థాపించిన బోబో అశాంతి శాఖవారు తలపాగా, పొడవైన అంగీ ధరిస్తారు, కింగ్‌స్టన్ వెలుపల బుల్ బే కొండపై ఉమ్మడిగా నివసిస్తారు, చీపుళ్ళు కట్టి అమ్ముకుంటారు. 1968లో వెర్నన్ కారింగ్టన్ ప్రారంభించిన ‘ఇశ్రాయేలు పండ్రెండు గోత్రములు’ శాఖ వీటిలో ఉదారమైనది. ఇందులో పుట్టిన నెలను బట్టి గోత్రము నిర్ణయిస్తారు. ఫిబ్రవరిలో పుట్టిన మార్లేది యోసేపు గోత్రము. ఏ శాఖలోనూ చేరని రాస్తాలే ఎక్కువ.

సంగీతము

కౌంట్ ఆసీ అను డప్పు వాద్యకారుడు 1950లలోనే న్యాబింగి లయను నగర సంగీతకారులకు నేర్పాడు. 1960ల చివర రూపొందిన రెగేలో ఆ లయ కలిసినది. బాబ్ మార్లే (1945–1981), పీటర్ టోష్, బన్నీ వెయిలర్, బర్నింగ్ స్పియర్ వంటివారి పాటల ద్వారా బబులోను, సీయోను, జా అను మాటలు ఖండాంతరములకు చేరాయి. మార్లే 1976లో పాడిన ‘వార్’ పాటకు ఆధారము హైలె సెలాసీ 1963లో ఐక్యరాజ్య సమితిలో చేసిన ప్రసంగము. మార్లే 1980లో ఇథియోపియా సనాతన సంఘములో బాప్తిస్మము పొందాడు. 1981 మే నెలలో ఆయన అంత్యక్రియలు ఆ సంఘ పద్ధతిలోనే జరిగాయి. 2018లో యునెస్కో జమైకా రెగేను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినది. న్యాబింగి శాఖలోని కొందరు పెద్దలకు మాత్రము రెగే వ్యాపార సంగీతమే.

షాషమనే

ఇటలీ దండయాత్ర కాలములో తమకు అండగా నిలిచిన పశ్చిమ దేశముల నల్లవారికై హైలె సెలాసీ 1948లో ఇథియోపియాలోని షాషమనే వద్ద సుమారు 200 హెక్టారుల భూమిని ఇచ్చాడు. 1960ల నుండి జమైకా రాస్తాలు కొద్దికొద్దిగా అక్కడికి చేరారు. 1974 విప్లవము తరువాత సైనిక ప్రభుత్వము ఆ భూమిలో అధిక భాగమును జాతీయము చేసినది. తరతరములుగా కలగన్న సీయోనుకు చేరినవారు అక్కడ పౌరసత్వము లేక, పిల్లలకు గుర్తింపు పత్రములు లేక, స్థానికుల దృష్టిలో విదేశీయులుగా దశాబ్దముల పాటు జీవించవలసి వచ్చినది. 2017లో ఇథియోపియా ప్రభుత్వము వారికి గుర్తింపు కార్డులు ఇచ్చుటకు నిర్ణయించినది. వాటితో నివాస హక్కు లభించినది గాని ఓటు హక్కు లభించలేదు.

బడిలో జడలు

రాస్తా ఉద్యమము ఆఫ్రికాలోని అనేక దేశములకు వ్యాపించినది. విచిత్రమేమనగా వీరు మాతృభూమిగా పూజించే ఆ ఖండములోనే రాస్తా పిల్లలను జడల కారణముగా బడికి రానివ్వలేదు. జుట్టు కత్తిరించుకొనవలెనన్న నియమము చాలా దేశములలో మిషనరీ, వలస ప్రభుత్వ పాఠశాలల నుండి వచ్చినది. ముప్పది ఏండ్లకు పైగా తరగతి గదిలో గడిపినందున ఈ వ్యాసకర్తకు క్రమశిక్షణ విలువ తెలియును. కాని పిల్లవాని తలపై ఉన్నదానిని చూచి తలలోనికి చదువు పోనివ్వకపోవుట క్రమశిక్షణ కాజాలదు. 2019 సెప్టెంబరులో కెన్యా హైకోర్టు రాస్తఫారీ ఒక మతమేననీ, జడలున్నవని ఒక బాలికను బడి నుండి పంపివేయుట చెల్లదనీ తీర్పు చెప్పినది. మలావీలో 2023 మే 8న జోంబా నగరములోని హైకోర్టు, జడలతో వచ్చిన రాస్తా పిల్లలను ప్రభుత్వ పాఠశాలలన్నియు చేర్చుకొనవలెనని ఆదేశించినది. అంతవరకు ఆ దేశములో రాస్తా తల్లిదండ్రులకు ఉన్న దారులు రెండే. పిల్లల జడలు కోయించుట, లేదా ఖర్చు భరించగలిగినచో ప్రైవేటు బడికి పంపుట. రెండును చేయలేనివారి పిల్లలు ఇంటివద్దనే ఉండిపోయారు.